బోర్డుల మీద మిగిలిన చరిత్ర : మలక్‌పేట నుండి హయత్‌నగర్ దాకా

మన సొసైటీ పెద్దలు ఈ ఏటి సావనీరు కొరకు "మాస్టర్ సాబ్, ఇంట్లో అందరూ చదివేటట్టు ఒక చరిత్ర వ్యాసం ఇవ్వండి" అని అడిగినారు. గోల్కొండ, చార్మినార్ గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. మనం ఉంటున్నది మూసీకి తూర్పు పక్కన. మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్.బి. నగర్ – ఇవే మన దినచర్య. పాలకు పోయినా, పిల్లలను స్కూల్లో దింపినా, జనాజాకు పోయినా ఈ బోర్డుల కిందనుంచే పోతాం. "ఇవన్నీ నిన్న మొన్న వెలసిన కాలనీలు, వీటికి చరిత్ర ఎక్కడిది" అనే మాట మనవాళ్ళ నోటనే విన్నాను. అది సరికాదని చెప్పుటకే ఈ వ్యాసం. పుస్తకాలు అవసరం లేదు. బస్సు కిటికీలోనుంచి కనబడే బోర్డులనే వరుసగా చదువుకుంటూ పోదాం.

మలక్‌పేటతో మొదలుపెడతాను. నేను ఉర్దూ మీడియం పంతులును గనుక ముందుగా అక్షరాల సంగతి చెప్పక తప్పదు. మలక్‌పేటను ఉర్దూలో వ్రాస్తే మొదటి మాటకు మూడే అక్షరాలు – మీమ్, లామ్, కాఫ్. మన లిపిలో హ్రస్వ స్వరాలు వ్రాయరు గదా. జేర్, జబర్, పేష్ పెట్టకపోతే ఈ మూడు అక్షరాలనే "మలిక్" అని చదవవచ్చు, అంటే రాజు, సర్దారు. "ముల్క్" అని చదవవచ్చు, దేశం. "మిల్క్" అని చదివితే ఆస్తి, జాగా. "మలక్" అని చదివితే దైవదూత. ఇప్పుడు చెప్పండి, మలక్‌పేట రాజుగారి పేటా, దేవదూతల పేటా, లేక జాగాల బేరం చేసేవారి పేటా? మూడోదే నిజమని ఈ రోజుల్లో అక్కడ ఇల్లు కొనబోయినవారు అంటరు! చరిత్ర చెప్పేదేందంటే, ఇది మలిక్ యాకూబ్ అనే ఆయన పేర వచ్చింది. ఆయన గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మనిషి. అబ్దుల్లా 1626 నుండి 1672 వరకు ఏలినాడు. అంటే మూడున్నర శతాబ్దాలుగా ఒక కొలువుదారు పేరు నిలబడి ఉన్నది. యాకూబ్ పోయినాడు, మలిక్ మిగిలినాడు, తరువాత నాలుక మీద అరిగి అరిగి మలక్ అయినాడు. తెలుగు వ్రాతలో అచ్చులన్నీ ఖచ్చితంగా వ్రాస్తారు కాబట్టి, ఏ తప్పు ఉచ్చారణ ఉంటే అదే బోర్డుకెక్కి శాశ్వతమైపోతుంది. ఉర్దూ వ్రాతలో సందిగ్ధం ఉంటుంది గాని అసలు పేరుకు దారి మిగిలి ఉంటుంది. రెండు లిపులూ పక్కపక్కన ఉంటేనే చరిత్రకు లాభం అని నేననేది ఇందుకే.

మలక్‌పేటలోనే "నల్లగొండ ఎక్స్ రోడ్స్" అని ఒక చౌరస్తా ఉన్నది. నల్లగొండ అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ బోర్డు చూసి ఊరు దాటి వచ్చినామా అని కంగారుపడతారు. పూర్వం పట్నం అక్కడ అయిపోయేది, నల్లగొండ దారి అక్కడ మొదలయ్యేది. ఊరు పెరిగి ముందుకు పోయింది, పేరు మాత్రం అక్కడే నిలబడింది. ఇక చౌరస్తాకు "ఎక్స్" అనే ఇంగ్లీషు అక్షరం వేయటం మన హైదరాబాదు అలవాటు. రెండు దారులు ఒకదానినొకటి కోస్తే బొమ్మ అట్లే ఉంటుంది గదా. తెలుగులో "ఎక్స్ రోడ్డు" అని ఉచ్చారణతో సహా వ్రాస్తున్నారు. అక్షరం కాదు అది, బొమ్మ అని ఎవరికీ గుర్తులేదు.

అక్కడి గంజ్ కూడా చెప్పుకోవలసినదే. మలక్‌పేట గంజ్‌లో మిర్చీ, ఉల్లిగడ్డ బేరం జరిగే ఆవరణలో మహబూబ్ మాన్షన్ అనే శిథిల భవనం కలదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు అది. ఈ నిజామే 1886లో గుర్రపు పందాలను మౌలాలీ నుండి మలక్‌పేటకు తెప్పించినాడు. రేస్‌కోర్సు ఇంకా ఉన్నది. మహలు సంగతి మాత్రం చూడలేము.

మూసారాంబాగ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడదాం. ఈ బోర్డు చూసి నూటికి తొంభై మంది "మూసీ నది పక్కనుంది కాబట్టి మూసారాంబాగ్" అంటారు. ఒకసారి మా తరగతిలో ఒక పిల్లవాడు లేచి "సర్, మూసా అంటే మనోళ్ళు, రామ్ అంటే వాళ్ళోళ్ళు. ఈ బాగ్ అసలు ఎవరిది?" అని అడిగినాడు. పన్నెండేండ్ల వాడు. ఆ ప్రశ్న వాడిది కాదు, వాడు పెద్దల దగ్గర విన్నదే. "బేటా, ఇద్దరిదీ కాదు. ఒక ఫ్రెంచివానిది" అంటే తరగతి అంతా నవ్వింది. నవ్విన తరువాత నిశ్శబ్దంగా విన్నారు. ఆ రోజు వాళ్ళకు చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

మిషెల్ జోషిమ్ మారీ రేమండ్ 1755లో ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలో పుట్టినాడు. ఇరవై ఏండ్ల వయసులో, 1775లో, వ్యాపారం చేసుకుందామని పాండిచ్చేరి వచ్చినాడు. వ్యాపారం సాగలేదు, సిపాయి అయినాడు. దక్కనులో పలు సైన్యాలలో పనిచేసి, 1785–86 ప్రాంతంలో రెండవ నిజాం నిజాం అలీ ఖాన్ కొలువులో చేరినాడు. కొద్దిమందితో మొదలైన ఆయన పటాలం పది పన్నెండేండ్లలో సుమారు 14 వేలకు పెరిగింది. సిపాయిలకు యూరోపు పద్ధతిలో కవాతు నేర్పినాడు, ఫిరంగులు పోయించినాడు. ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ, మన భాషలో తోప్ కా సాంచా, ఆయన ఏర్పాటు చేయించినదే. రోజూ ఆ పేరు చెప్పి బస్సు దిగేవాళ్ళలో ఎందరికి తెలుసు, మూసారాంబాగ్ బోర్డూ గన్‌ఫౌండ్రీ బోర్డూ ఒకే మనిషివి అని! ఈ కాలపు పిల్లలకైతే రేమండ్ అంటే సూటు బట్టల దుకాణం.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయినాడు. అదే సంవత్సరం నిజాం కొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడితే, ఆ తిరుగుబాటును అణచినది రేమండే. దాంతో ఆయన పరపతి ఎంతగానో పెరిగింది. సిపాయిలకు జీతం వేళకు ఇచ్చేవాడని, జనంలో కలిసి తిరిగేవాడని పేరు. "మొస్యో రేమండ్" అనటం మన నాలుకకు కుదరలేదు. ముసల్మానులు మూసా రహీమ్ అన్నారు. హిందువులు మూసా రామ్ అన్నారు. ఎవరి నోటికి తియ్యగా ఉన్న పేరు వారు పెట్టుకున్నారు, మనిషి మాత్రం ఒకడే. ఆయన పేరున పటాలం ఉండేది, తోట ఉండేది. తోట పోయి పేరు మిగిలింది, అదే మూసారాంబాగ్. ఉర్దూ అక్షరాలలో చూస్తే రహీమ్‌కూ రామ్‌కూ రే, మీమ్ అనే రెండక్షరాలు కలుస్తాయి, నడుమనున్నవే వేరు.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయినాడు. విషం పెట్టినారని కూడా ఒక మాట ప్రచారంలో ఉండేది. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి కట్టినారు. మనం ఎరిగిన గోరీల వలె గుమ్మటం లేదు. నల్లరాతితో, 23 అడుగుల ఎత్తున, పైకి పోనుపోను సన్నబడే స్తంభం. పక్కనే గ్రీకు దేవాలయాల తీరున స్తంభాల మండపం. స్తంభం మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చెక్కి ఉన్నవి – జె, ఆర్. జోషిమ్ రేమండ్ అని. ఇంతకంటే పొట్టి బోర్డు హైదరాబాదులో మరొకటి లేదని నా అభిప్రాయం. బిరుదులు లేవు, పొగడ్తలు లేవు. మన ప్రాంతంలో పది గజాల జాగా కొన్నవాడు కూడా గేటు మీద ఇంతకంటే పెద్ద బోర్డు వ్రాయించుకుంటాడు.

ఆయన వర్ధంతినాడు ఆ గుట్ట మీద ఉర్సు జరిగేది. దీపాలు వెలిగించేవారు, జనం పోయేవారు. సికందర్ జా నిజాం కాలంలో సమాధికి చుట్టల పెట్టె, బీరు సీసా పంపేవారని కూడా చెబుతారు. మన ఉర్సులతో దీన్ని పోల్చమని నేననను. పోయినవానికి ఏది ఇష్టమో అది పంపినారు, అంతే. 1940ల దాకా ఈ వేడుక సాగింది. ఒక క్రైస్తవుడు, పరదేశి, ఆయన సమాధికి ముసల్మానులూ హిందువులూ కలిసి నూట నలభై ఏండ్లకు పైగా దీపం పెట్టినారు. మా తరగతి పిల్లవాని ప్రశ్నకు నేనిచ్చిన జవాబులో అసలు భాగం ఇదే.

రేమండ్ పోయిన ఆరు నెలలకే హైదరాబాదు చరిత్ర తిరిగిపోయింది. 1798 సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయాలనేది అందులోని షరతు. అక్టోబరు 22న ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ సమక్షంలో ఆ సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించినారు. యుద్ధం జరగలేదు. అప్పటికి జీతాలు బాకీపడి సిపాయిలు తమ అధికారుల మీదనే అలిగి ఉన్నారు. ఆ ఒప్పందం ప్రకారం వచ్చిన ఇంగ్లీషు పటాలం హుసేన్‌సాగర్ ఉత్తరాన దిగింది. 1806లో ఆ చోటికి మూడవ నిజాం సికందర్ జా పేర సికింద్రాబాద్ అని పేరు పెట్టినారు. అంటే మూసారాంబాగ్ పటాలం లేచిపోయిన తరువాతనే సికింద్రాబాద్ బోర్డు లేచింది.

2001లో వానలకు ఆ సమాధి దగ్గరి మండపం కూలిపోయింది. తరువాత మళ్ళీ నిలబెట్టినారు. పిల్లలను తీసుకొని ఒక ఆదివారం పోయి చూడండి. ఇంటికి ఇంత దగ్గర ఉండి చూడనివారు మనలో చాలామంది ఉన్నారు.

ఆస్మాన్‌గఢ్ పేరు కూడా రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఎత్తు మీద ఉన్నది కాబట్టి ఆకాశపు కోట అనుకుంటారు. అది సర్ ఆస్మాన్ జా కట్టించిన మహలు పేరు. పైగా వంశపు అమీరు, 1887 నుండి 1894 వరకు నిజాం ప్రధాని. బషీర్‌బాగ్ కూడా ఆయనదే, ఆయన బిరుదు బషీరుద్దౌలా. మహలు రాతి కట్టడం, విలాయతీ కోట నమూనా. ఇప్పుడు అక్కడ స్కూలు నడుస్తున్నది. జనానికి మాత్రం ఆస్మాన్‌గఢ్ కంటే "టి.వి. టవర్" అంటేనే తెలుస్తుంది, ఆటోవాలాకూ అంతే.

ఇక దిల్‌సుఖ్‌నగర్. ఈ పేరులో దిల్ ఫార్సీ మాట, సుఖ్ హిందీ మాట, నగర్ సంస్కృతం. మూడు భాషలు కలిసి ఒక బస్సుస్టాపు. మనసుకు సుఖమిచ్చే ఊరు అని అర్థం చెప్పుకోవచ్చు గాని, సాయంత్రం ఆరు గంటలకు ఆ రోడ్డు దాటిన వారెవరూ ఆ అర్థం ఒప్పుకోరు! అసలు సంగతి ఏందంటే, దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి తన సేద్యపు భూమిని ప్లాట్లు చేసి అమ్మినాడని, ఆయన పేరే కాలనీకి వచ్చిందని చెబుతారు. ఉర్దూ, ఫార్సీ చదువుకున్న పాతకాలపు కాయస్థ కుటుంబాలలోనూ ఇతర కుటుంబాలలోనూ ఇట్లాంటి కలగలుపు పేర్లు ఉండేవి. ఇప్పుడు ఎవరూ పెట్టుకోవటం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు నిలబడి బస్సుల నంబరు ప్లేట్లు చూడండి. ప్రతి ఆర్.టి.సి. బస్సు నంబరులో ఇంగ్లీషు "జెడ్" అక్షరం ఉంటుంది. దాని వెనుక ఒక కథ ఉన్నది. నిజాం ప్రభుత్వ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రారంభమైంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం జ్ఞాపకంగా ఆ అక్షరం ఉంచమన్నాడని ప్రతీతి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్.టి.సి. ఏర్పడింది. రాష్ట్రం విడిపోయిన తరువాత టి.ఎస్. అయింది. 2024లో టి.ఎస్. పోయి టి.జి. వచ్చింది. ప్లేటు మీద ముందు అక్షరాలన్నీ మారుతూ వచ్చినవి. రాజ్యాలు మారినా ఆ తల్లి అక్షరం కదలలేదు. మాతృప్రేమ గురించి పిల్లలకు వ్యాసం వ్రాయించేటప్పుడు నేను ఈ ఉదాహరణ ఇస్తుంటాను. పరీక్ష దిద్దేవారు ఒప్పుకుంటారో లేదో మరి.

దిల్‌సుఖ్‌నగర్ దాటితే చైతన్యపురి, కొత్తపేట. కొత్తపేట దగ్గర గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుండి ఉండేది. మామిడి కాలంలో ఆ వాసన దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చేది. 2021లో మార్కెట్‌ను బాటసింగారం తరలించినారు. 2022లో ఆ జాగాలో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. జనం మాత్రం ఇంకా "ఫ్రూట్ మార్కెట్ దగ్గర ఆపు" అనే అంటున్నారు. వందేండ్ల తరువాత ఎవరో మాస్టరు, ఆసుపత్రి ఉన్న స్టాపును పండ్ల మార్కెట్ అని ఎందుకన్నారు అని పరిశోధన చేయవలసి వస్తుంది. నల్లగొండ చౌరస్తా కథ మన కండ్ల ముందే మళ్ళీ జరుగుతున్నది, అంతే.

సరూర్‌నగర్ దగ్గర మళ్ళీ అక్షరాల పంచాయతీ వస్తుంది. సీన్, రే, వావ్, రే. ఈ నాలుగక్షరాలను "సురూర్" అని చదివితే ఆనందం. "సర్వర్" అని చదివితే నాయకుడు. అందుకే కొన్ని పుస్తకాల్లో ఆ బేగం పేరు సురూర్ అఫ్జా అని, కొన్నింటిలో సర్వర్ అఫ్జా అని కనబడుతుంది. ఇద్దరు మనుషులు కారు, ఒకే వ్రాతకు రెండు చదువులు. ఆమె అరస్తూ జా భార్య. అరస్తూ అంటే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్. అంతటి బుద్ధిమంతుడని నిజాం అలీ ఖాన్ తన ప్రధానికి ఇచ్చిన బిరుదు అది. ఖర్దా ఓటమి తరువాత మరాఠాలు ఈ ప్రధానిని పూనాకు బందీగా పట్టుకపోయినారు. ఆయన 1797లో తిరిగి వచ్చినాడు. వచ్చి ఏం చేసినాడంటే, ఇంగ్లీషువారి వైపు మొగ్గి, ఫ్రెంచి పటాలాన్ని తీసివేయించే ఒప్పందానికి దారి వేసినాడు. 1804లో చనిపోయేదాకా ఆయన మాటే చెల్లింది.

ఇప్పుడు మ్యాపు చూడండి. మూసారాంబాగ్‌కూ సరూర్‌నగర్‌కూ ఎంత దూరం? ఒకే దరబారులో పోటీపడ్డ ఇద్దరు మనుషుల గుర్తులు పక్కపక్కనే పడి ఉన్నాయి. ఒకరు ఫ్రెంచివారి బలం, మరొకరు ఇంగ్లీషువారి స్నేహం. భారతదేశం ఎవరి చేతికి పోతుందనే పెద్ద పంచాయతీలో ఒక ముఖ్యమైన ముక్క ఈ పరిసరాల మనుషుల నడుమ తేలింది. మనవాళ్ళు చరిత్ర లేదంటున్నది ఈ ఊరినే.

సరూర్‌నగర్ చెరువు ఈ కథల కంటే పాతది, కుతుబ్‌షాహీల నాటిది. దాని ఒడ్డున తోటలు ఉన్నాయని ఈ తరానికి చెబితే నమ్మరు. చెరువు గురించి వ్రాయాలంటే వేరే వ్యాసం కావాలి, వ్రాసినా బాధే.

మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ దాకా వచ్చింది. అందులో చివరినుండి రెండవ స్టేషను పేరు "విక్టోరియా మెమోరియల్". పిల్లలు దిగి విగ్రహం ఎక్కడ అని వెతుకుతారు. విగ్రహం కాదు, అది అనాథ పిల్లల ఇల్లు. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. సరూర్‌నగర్‌లో మహబూబ్ అలీ పాషా తన కొరకు తలపెట్టిన మహలును ఆమె జ్ఞాపకార్థం అనాథ శరణాలయంగా మార్చినారు. పరాయి రాణి పేరు ఇంకా ఎందుకని అడిగేవారున్నారు. నేననేది ఏందంటే, రాణి పేరుకంటే ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు ముఖ్యం. తల్లి తండ్రి లేని పిల్లలు నూరేండ్లకు పైగా ఆ గేటులోనుంచి లోపలికి పోయి చదువుకొని బయటికి వచ్చినారు. వాళ్ళకు అది రాణిగారి జ్ఞాపకం కాదు, తమ ఇంటి అడ్రసు.

కర్మన్‌ఘాట్ పేరు గురించి ఒక మాట. అక్కడి హనుమాన్ గుడి కాకతీయుల కాలం నాటిదని అంటారు. స్థలపురాణం ప్రకారం ఔరంగజేబు గుడి మీదికి వచ్చినప్పుడు ఒక గంభీర స్వరం వినిపించి, గుడి పడగొట్టాలంటే "కర్ మన్ ఘట్" – నీ మనసు గట్టి చేసుకో – అన్నదట. దాంతో ఆయన వెనుదిరిగినాడని, ఆ మాటే ఊరి పేరయిందని చెబుతారు. ఇది భక్తుల నమ్మకం, దానిని కాదనటం నా పని కాదు. చరిత్రలో ఔరంగజేబు గోల్కొండను గెలిచినది 1687లో. నేను గమనించినది భాష మాత్రమే. "ఘట్" అనే మాట ఢిల్లీ ఉర్దూలో ఆ అర్థంలో లేదు. గట్టి, దృఢం అనే అర్థంలో అది మరాఠీలో ఉన్నది, మన దక్కనీలో ఉన్నది. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ "దిల్ ఘట్ కర్" అంటారు. తెలుగు "గట్టి" ఎంత దూరంలో ఉన్నది? అంటే ఈ కథ చెప్పినవారు ఎవరైనా, మన గడ్డ మీద పుట్టి మన భాషలో చెప్పినవారే. ఆ ఊరి పేరు అసలు ఎట్లా వచ్చిందనేది వేరే విషయం. పేరు ముందు పుట్టి కథ తరువాత పుట్టటం లోకంలో సహజం.

బోర్డుల నుండి రాళ్ళ మీదికి వద్దాం. పాత మసీదుల తలుపుల మీద, ఖబరస్తాన్ రాళ్ళ మీద ఉండే కత్బాలు కూడా బోర్డులే. ఇవి చదవటానికి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి అబ్జద్ లెక్క. అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4 – ఇట్లా ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఉంటుంది. మన దుకాణాల మీద, లారీల మీద కనబడే 786 ఇదే లెక్క. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల మొత్తం అది. పూర్వం కవులు ఒక మాటలోనే సంవత్సరం దాచిపెట్టేవారు. చార్మినార్ కట్టిన సంవత్సరానికి "యా హాఫిజ్" అనే మాట చెబుతారు. పిల్లల చేత లెక్క వేయించండి : యే 10, అలిఫ్ 1, బడీ హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900. మొత్తం 1000. హిజ్రీ 1000, అంటే 1591–92. నేను బోర్డు మీద ఇది వేసి చూపించిన రోజున లెక్కలంటే పారిపోయే పిల్లలు కూడా తమ పేర్లకు మొత్తాలు వేసుకున్నారు.

రెండవది హిజ్రీ. ఇది చంద్రుని లెక్క, సంవత్సరానికి 354 రోజులు. కాబట్టి ఇంగ్లీషు సంవత్సరం తీయాలంటే ఒక్క అంకె కలిపితే సరిపోదు. మూడవది ఫస్లీ. నిజాం సర్కారు కాగితాల మీద, భూమి పట్టాల మీద, ఆ కాలపు కట్టడాల రాళ్ళ మీద ఉండేది ఇదే. ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో, సంవత్సరం మొదలవుతుంది. ఫస్లీకి అక్టోబరు నుండి డిసెంబరు దాకా అయితే 590, జనవరి తరువాత అయితే 591 కలపాలి. 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబరున మొదలై 1949లో ముగిసిన సంవత్సరం. ఇంట్లో తాతల నాటి కాగితాలు ఉన్నవారు ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకుంటే వకీలు దగ్గర కొంత సమయం మిగులుతుంది. ఫస్లీని హిజ్రీ అనుకొని లెక్కవేస్తే జాగా కాగితం తారీఖు ఎనిమిది పది ఏండ్లు అటుఇటు అవుతుంది. కోర్టులో అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు నా విన్నపం. ఏ మసీదుకైనా రంగులు వేసేటప్పుడు, గోడ వెడల్పు చేసేటప్పుడు, పాత రాయి మీద సున్నం కొట్టకండి. టైల్సు అతికించకండి. ముందు ఒక ఫోటో తీయండి. మనందరి జేబుల్లో కెమెరా ఉన్నది. చదవరాకపోతే తెచ్చి చూపించండి, నావంటి ఉర్దూ పంతుళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. 2017లో తెలంగాణలో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసినారు. సంతోషమే. బోర్డు మీద ఉర్దూ వ్రాయటానికి చట్టం ఉన్నది, చదవటానికి మన ఇంటి పిల్లలు ఉండాలి గదా. ఇంకొక మాట కూడా చెప్పాలి. నిజాం కాలపు ఉస్మానియా సిక్కా నోట్ల మీద ఉర్దూ ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. ఒక భాష ఉండాలంటే ఇంకొకటి పోవాలని ఆ నోటు అచ్చువేసినవారు అనుకోలేదు.

ఎల్.బి. నగర్ గురించి క్లుప్తంగా. ఎల్.బి. అంటే లాల్ బహదూర్. పూర్తి పేరు వ్రాసే ఓపిక ఎవరికీ లేక ప్రధానమంత్రి కాస్తా రెండక్షరాలైనాడు, రేమండ్ వలెనే. శాస్త్రిగారు 1966 జనవరి 11న తాష్కెంట్‌లో చనిపోయినారు. మరుసటి ఏడే మన ఫతే మైదాన్‌కు లాల్ బహదూర్ స్టేడియం అని పేరు పెట్టినారు, ఆయన పేర ఈ నగరమూ వెలసింది. అదే చౌరస్తాలో 2009 నవంబరు 29న శ్రీకాంతాచారి అనే యువకుడు తెలంగాణ కొరకు ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న చనిపోయినాడు. అతని విగ్రహం అక్కడ కలదు, కూడలికి అతని పేరు పెట్టినారు. బస్సు కండక్టరు మాత్రం ఎల్.బి. నగర్ అనే పిలుస్తాడు. కొన్ని పేర్లు బోర్డు మీద ఉంటాయి, కొన్ని నోట్లో ఉంటాయి.

అక్కడినుండి ఒక దారి సాగర్ వైపు పోతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన తరువాత వచ్చిన పేరు అది. రెండవది విజయవాడ దారి. దీని మీద కొన్ని దుకాణాల బోర్డులు ఇంకా "ఎన్.హెచ్. 9" అంటాయి. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 65 అయింది. నంబరు ఏదైనా ఇది గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే పాత వ్యాపార మార్గమే. వజ్రాలూ కలంకారీ బట్టలూ ఈ దిక్కునుంచే సముద్రానికి పోయినవి. వనస్థలిపురం పక్కన జింకల పార్కు నిజాముల వేటస్థలం. 1975లో మహావీరుని 2500వ నిర్వాణ సందర్భంగా దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టినారు. వేటాడిన చోటికి అహింస చెప్పినవారి పేరు. ఇంత మంచి పేరుమార్పు నేను వేరే ఎక్కడా చూడలేదు.

ఆ దారిలోనే హయత్‌నగర్. హయాత్ అంటే జీవితం, బఖ్షీ అంటే ఇచ్చేది. హయాత్ బఖ్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా తల్లి. ముగ్గురు సుల్తానుల కాలంలో ఆమె మాట నడిచింది. కొడుకు పిన్న వయసులో గద్దెనెక్కితే రాజ్యం పట్టుకొని నిలబెట్టినది ఆమె. జనం ఆమెను "మా సాహెబా" అనేవారు. నగరం అవతల పక్కనున్న మాసబ్ ట్యాంక్ కూడా ఆ మా సాహెబా తలాబే అంటారు. ఒక ఆడమనిషి పేరు ఊరికి అటు చివర, ఇటు చివర బోర్డుల మీద ఉన్నది. అటుదాన్ని మాసబ్ అని నరికివేసినాం, ఇటుదానిలో బఖ్షీని వదిలివేసినాం.

హయత్‌నగర్‌లో ఆమె పేరు మీది మసీదు ఉన్నది. దాని చుట్టూ బాటసారుల కొరకు కట్టిన సరాయి గదులు, దగ్గరలోనే హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి ఉన్నవి. మచిలీపట్నం నుండి వచ్చే బేహారులు పట్నం చేరబోయే ముందు బసచేయటానికి అనువైన చోటు అది. బండ్లు విప్పుకొని, పశువులకు నీళ్ళు పెట్టుకొని, స్నానాలు చేసి, నమాజు చదువుకొని పడుకునేవారు. ఇప్పుడు విజయవాడ బస్సులు కూడా హయత్‌నగర్ దగ్గర ఆగుతాయి. నిద్ర కండ్లతో జనం దిగి, మూటలు సర్దుకొని, చాయ్ త్రాగి, "పట్నం ఇంకా ఎంత దూరం భాయ్" అని అడుగుతారు.